ఎరుపెక్కని తెర

1996 ఆఖరు నెలల్లో అమెరికాలో చెక్స్ డబ్బా కొని తెచ్చుకున్న ఇళ్లకు లోపల ఒక సీడీ ఉచితంగా వచ్చింది. చెక్స్ అంటే బియ్యం, మొక్కజొన్న, గోధుమలతో చేసే చదరపు బిళ్లలు. గళ్లు గళ్లుగా, కరకరలాడుతూ ఉంటాయి. అక్కడివాళ్లు పొద్దున పాలలో వేసుకుని తింటారు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో కొందరు వాటికి పల్లీలు, కరివేపాకు, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి మిక్చర్ చేసుకోవడం కూడా ఉంది.

ఆ సీడీలో ఉన్నది చెక్స్ క్వెస్ట్ అనే కంప్యూటర్ ఆట. బజోయిక్ అనే గ్రహం మీదికి ఫ్లెమాయిడ్లు దండెత్తి వస్తాయి. అవి మరో లోకం నుంచి ఊడిపడ్డ ఆకుపచ్చని జిగురు ప్రాణులు. కనపడ్డవాళ్లందరినీ చీమిడితో కప్పేసి ఎక్కడివాళ్లను అక్కడే అంటించేస్తాయి. వాళ్లను విడిపించడానికి చెక్స్ యోధుడు బయలుదేరతాడు. అతని ఒంటి మీద చెక్స్ బిళ్ల ఆకారంలో కవచం, చేతిలో జార్చర్ అనే పరికరం. దాన్ని గురిపెట్టి నొక్కితే ఫ్లెమాయిడ్ చావదు. మెరిసి, మాయమై, తన లోకానికి తిరిగి వెళ్లిపోతుంది. మొత్తం అయిదు అంచెలు. పదేళ్ల పిల్లలు ఒక మధ్యాహ్నంలో పూర్తిచేయగలిగిన ఆట.

ఇంత అమాయకమైన ఆటను లోపలి నుంచి నడిపించిన ప్రోగ్రాం మాత్రం డూమ్‌ది. టెక్సస్‌లోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ 1993 డిసెంబర్ 10న విడుదల చేసిన డూమ్ అప్పట్లో అమెరికా తల్లిదండ్రులను బెదరగొట్టిన ఆట. తుపాకులు, రంపాలు, నెత్తుటి మడుగులు, నరకం నుంచి లేచివచ్చిన రాక్షసులు. దాని విడుదలకు సరిగ్గా ముందురోజు, డిసెంబర్ 9న, అమెరికా సెనేట్‌లో జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే సభ్యులు వీడియో గేముల్లో హింస మీద బహిరంగ విచారణ నడిపారు. ఆ ఒత్తిడి ఫలితంగానే మరుసటి ఏడాది ఆటలకు వయసుల వారీగా రేటింగ్ ఇచ్చే సంస్థ పుట్టింది. అంత గొడవ నడిచిన మూడేళ్లకు ఒక ఆహార కంపెనీ అదే ప్రోగ్రాంను తీసుకుని, పిల్లలు పొద్దున తినే తిండి డబ్బాలో పెట్టి ఇంటింటికీ పంపింది. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి కారణమూ లేదు, ఎందుకంటే తెర మీద డూమ్ ఆనవాలు ఏదీ మిగల్లేదు. ఒకే ప్రోగ్రాం ఈ రెండు ఆటలూ ఎలా కాగలిగిందన్నది కంప్యూటర్ శాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన ప్రశ్నల్లో ఒకటి.

ముందు డబ్బా సంగతి చూద్దాం. తిండితోపాటు బహుమతి ఇవ్వడం అమెరికాలో పాత అలవాటే. 1909లోనే కెలాగ్స్ కంపెనీ కార్న్‌ఫ్లేక్స్ కొన్న పిల్లలకు జంతువుల బొమ్మల పుస్తకం ఇచ్చింది. తర్వాత ప్లాస్టిక్ బొమ్మలు, ఉంగరాలు, బిళ్లలు వచ్చాయి. 1960ల చివరికి కొన్ని డబ్బాల వెనక అట్ట మీదే గ్రామఫోన్ రికార్డు అచ్చువేశారు. కత్తిరించి ప్లేయర్ మీద పెడితే పాట వచ్చేది. కాప్టెన్ క్రంచ్ అనే సీరియల్ డబ్బాలో వచ్చిన ఈల మరీ చిత్రమైనది. దాన్ని ఊదితే 2600 హెర్ట్జ్ స్వరం పలికేది. అమెరికన్ టెలిఫోన్ సంస్థ దూరప్రాంతపు లైను ఖాళీగా ఉందని తెలుసుకోవడానికి వాడుకునే స్వరం కూడా సరిగ్గా అదే. జాన్ డ్రేపర్ వంటి కుర్రాళ్లు ఈ సంగతి పట్టుకుని టెలిఫోన్ యంత్రాంగంతో ఆడుకున్నారు. అలా సమాచారాన్ని మోసే వస్తువులు సీడీ కంటే చాలా ముందే ఈ డబ్బాల్లోకి చేరాయి. అయితే వాటిలో ఉన్నది ఒక స్వరం, మహా అయితే ఒక పాట.

ఆటను కూడా ఇలా పంచాలన్న కోరిక 1983లో మొదలైంది. అప్పట్లో ఇంటి ఆటల యంత్రాల్లో అటారీ 2600 రాజ్యమేలుతోంది. కూల్‌ఎయిడ్ అనే శీతల పానీయపు పొడి కంపెనీ తన బొమ్మ హీరోగా ఒక ఆట తయారుచేయించింది. రాల్‌స్టన్ ప్యూరీనా అనే కంపెనీ తన కుక్కల ఆహారానికి ప్రచారంగా చేజ్ ద చక్ వాగన్ అనే ఆటను పోస్టులో పంపింది. కొన్నట్టు రుజువులు కూడగట్టి పంపినవాళ్లకే అది దక్కేది. డబ్బాలో నేరుగా పెట్టలేదు, పెట్టే వీలూ లేదు. అటారీ ఆట అంటే ప్లాస్టిక్ గూడులో బిగించిన సిలికాన్ చిప్పు. ఒక్కో ప్రతికీ ఒక్కో చిప్పు కావాలి. లక్ష ప్రతులకు లక్ష చిప్పులు.

అంతకంటే పెద్ద చిక్కు ఆ యంత్రం లోపల ఉంది. అటారీ 2600లో ఆట నడుస్తున్నప్పుడు లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి ఉన్న చోటు 128 బైట్లు. ఈ పేరాను కూడా అందులో ఇరికించలేం. అంత ఇరుకులో బొమ్మ వేరు, కదలిక వేరు, నియమం వేరు అని విడదీసి రాసే అవకాశం లేదు. టీవీ తెర మీద ఒక్కో గీత పడే క్షణానికి సరిపోయేలా ఆదేశాలను పేర్చుకుంటూ పోవాలి. బొమ్మలు ఆ ఆదేశాల్లోనే కలిసిపోయి ఉంటాయి. కూల్‌ఎయిడ్ ఆటను మాటెల్ వాళ్లు అటారీకీ, తమ సొంత ఇంటెలివిజన్ యంత్రానికీ చేయాల్సి వచ్చినప్పుడు పేరు ఒకటే ఉంచి రెండు వేర్వేరు ఆటలు తయారుచేశారు. ఒకదాని నుంచి మరొకదానికి తీసుకెళ్లగలిగింది ఆలోచన మాత్రమే.

ఈ రెండు చిక్కులూ తర్వాతి పదేళ్లలో విడిపోయాయి. మొదటిదాన్ని సీడీ తీర్చింది. సీడీ అంటే 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బనేట్ బిళ్ల. దాని మీద ఒకే ఒక సన్నని చుట్టల దారి మధ్య నుంచి అంచు దాకా సాగుతుంది. ఒక చుట్టకూ పక్క చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. విప్పి పరిస్తే దాదాపు 5 కిలోమీటర్ల పొడవు వస్తుంది. ఆ దారి పొడవునా కంటికి కనపడని గుంటలు. 780 నానోమీటర్ల లేజర్ కిరణం వాటి మీదుగా వెళ్తుంటే గుంట అంచు తగిలిన ప్రతిచోటా తిరిగివచ్చే వెలుగు మారుతుంది. ఆ మార్పులే అంకెలు. ఫ్యాక్టరీలో ఈ గుంటలను ఒక్కొక్కటిగా తొలచరు. నికెల్ అచ్చు మీదికి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పంపితే కొన్ని సెకన్లలో గుంటలన్నీ ఒకేసారి పడతాయి. పైన పలచగా అల్యూమినియం పూత పూస్తారు. సుమారు 650 మెగాబైట్లు అచ్చయిపోయినట్టే. లోపల ఎంత సరుకున్నా అచ్చు ఖర్చు మారదు. అందుకే 1990ల్లో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీ తన సీడీలను దేశమంతా ఊరికే వెదజల్లగలిగింది. చెక్స్ డబ్బాలోని సీడీలో కూడా ఆ కంపెనీ ఇచ్చే 50 గంటల ఉచిత ఇంటర్నెట్ ఉంది.

గీత పడినా, వేలిముద్ర అంటినా సీడీ చదవగలగడం వెనక మంచి గణితం ఉంది. పాటల సీడీలోనే ప్రతి అంకెల గుంపుకూ రీడ్-సాలమన్ సంకేతాలు తోడు చేస్తారు. కొన్ని అంకెలు పోయినా మిగిలినవాటిని బట్టి పోయినవి తిరిగి కట్టవచ్చు. పాటలో ఒక అంకె తప్పితే చెవి పట్టుకోలేదు. ప్రోగ్రాంలో ఒక్క అంకె తప్పినా మొత్తం కూలిపోవచ్చు. కాబట్టి కంప్యూటర్ సీడీలో 2352 బైట్ల ప్రతి ముక్కలోనూ అసలు సమాచారానికి 2048 బైట్లే కేటాయించి, మిగిలినదాంట్లో చాలా భాగాన్ని రెండో విడత తప్పుల దిద్దుబాటుకు వదిలేశారు. తిండి డబ్బాలో పడి, లారీల్లో కుదుపులు తిని, పిల్లల చేతుల్లో నలిగిన బిళ్ల కూడా సరిగ్గా నడిచిందంటే ఆ వదులుకున్న బైట్ల పుణ్యమే.

రెండో చిక్కును తీర్చింది డూమ్. ఇడ్ సాఫ్ట్‌వేర్ అంతకుముందు చేసిన వుల్ఫెన్‌స్టైన్ 3డి ఆటను అభిమానులు విప్పి, లోపలి గదులను తిరగరాసుకున్నారు. అనుమతి అడగలేదు, దారి చూపినవాళ్లూ లేరు, సొంతంగా తవ్వుకున్నారు. ఇది చూసి ఆ కంపెనీ ముఖ్య ప్రోగ్రామర్ జాన్ కార్మక్ సంతోషించాడు. డూమ్ రాసేటప్పుడు వాళ్లకు తలుపు తెరిచే ఉంచాడు. ఆటను రెండు ఫైళ్లుగా విడగొట్టాడు. ఒకటి ఇంజన్: కదలిక, ఢీకొనడం, తెర మీద గీయడం, దెబ్బల లెక్క. రెండోది వాడ్ అనే పొడిగింపు పేరున్న ఫైలు: గదుల పటాలు, గోడల రంగులు, ప్రాణుల బొమ్మలు, చప్పుళ్లు, సంగీతం. తోలుబొమ్మలాటలో తెర, దీపం, పుల్లలు కదిపే చెయ్యి ఒక్కటే. బొమ్మలు మారితే రామాయణం పోయి భారతం వస్తుంది. కార్మక్ తెరనూ చేతినీ ఒకవైపు, బొమ్మలను మరోవైపు పెట్టాడు.

ఆ వాడ్ ఫైలు నిర్మాణం ఎంత తేటగా ఉంటుందంటే ఇక్కడ నాలుగు వాక్యాల్లో చెప్పేయవచ్చు. మొదటి 12 బైట్లు ముఖపత్రం: ఇది ఏ రకం ఫైలు, లోపల ఎన్ని ముద్దలున్నాయి, వాటి విషయసూచిక ఎక్కడ మొదలవుతుంది. విషయసూచికలో ఒక్కో ముద్దకు 16 బైట్ల వరుస: ఎక్కడుంది, ఎంత పొడవు, 8 అక్షరాల లోపు పేరు. ఇంజన్‌కు కావలసిందల్లా ఆ పేరు. ఫలానా ప్రాణి ఒకటో చట్రం, ఎదురుగా కనిపించే బొమ్మ కావాలంటే ఆ పేరుతో ఉన్న ముద్దను తెచ్చి తెర మీద పెడుతుంది. అందులో కొమ్ముల రాక్షసుడున్నాడా, ఆకుపచ్చ చీమిడి ముద్ద ఉందా అన్నది దానికి పట్టదు, తెలుసుకునే సాధనమూ దానికి లేదు.

మిన్నెసోటా రాష్ట్రంలోని డిజిటల్ కఫే అనే చిన్న సంస్థ చేసిన పనంతా ఈ సందులో జరిగింది. చెక్స్ అప్పటికి రాల్‌స్టన్ కుటుంబానిదే. 1983లో కుక్కల ఆహారంతో ఆటను పంచిన రాల్‌స్టన్ ప్యూరీనా నుంచే ఈ సీరియల్ వ్యాపారం 1994లో విడివడింది. ప్రచారం కోసం ఆట కావాలి, డబ్బు పరిమితం, గడువు తక్కువ. త్రిమాణ ఆట ఇంజన్‌ను మొదటి నుంచి రాయడం ఆ పరిస్థితుల్లో కుదిరే పని కాదు. డీన్ హైయర్స్ నిర్మాతగా, ఛార్లెస్ జేకబీ ప్రధాన చిత్రకారుడిగా, స్కాట్ హోల్‌మన్ వంటివాళ్లు తోడుగా ఉన్న ఆ బృందం డూమ్ ఇంజన్‌ను లైసెన్సుకు తీసుకుని, బొమ్మల వైపు మొత్తాన్ని కొత్తగా పోసింది. ఇంజన్‌లో మార్చినవి కొద్ది. వాడ్ ఫైలు సుమారు 12 మెగాబైట్లు, అంటే ఆ సీడీలో పట్టేదాంట్లో యాభయ్యో వంతు.

అలా చేతికొచ్చిన ఇంజన్ ఎలాంటిదో కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది సామాన్యమైన పని కాదు. ఆనాటి కంప్యూటర్లలో త్రిమాణ దృశ్యాలను గీసే ప్రత్యేక చిప్పులు లేవు. చాలావాటికి దశాంశాలతో లెక్కచేసే భాగం కూడా లేదు. డూమ్ దశాంశాలను పూర్ణసంఖ్యల్లోనే దాచుకుంది: 32 బిట్లలో సగం పూర్ణభాగానికి, సగం భిన్నానికి. ప్రపంచాన్ని కూడా నిజంగా త్రిమాణంగా ఉంచలేదు. పటం నేల మీద గీసిన గీతలే. ఒక్కో గదికి నేల ఎత్తు, కప్పు ఎత్తు అని రెండు అంకెలు చేర్చారు. అందుకే డూమ్‌లో ఒక గది మీద మరో గది ఉండదు. చెక్స్ క్వెస్ట్‌లోని ప్రయోగశాలలోనూ ఉండదు. గోడలన్నీ నిటారు కాబట్టి తెర మీద పైనుంచి కిందికి ఒక నిలువు వరుసలో కనిపించే గోడ భాగమంతా ఒకే దూరంలో ఉంటుంది. దూరాన్ని బట్టి చిన్నదిగా చూపే భాగహారం వరుసకు ఒకసారి చేస్తే చాలు. తెర వెడల్పు 320 చుక్కలు, కాబట్టి 320 నిలువు వరుసలు.

ఇంకా గట్టి ప్రశ్న ఏ గోడ ముందుంది, ఏది వెనకుంది అన్నది. ఆటగాడు తిరిగే ప్రతిసారీ అన్ని గోడల దూరాలూ పోల్చి చూస్తే యంత్రం మోకాళ్ల మీద కూలబడుతుంది. కార్మక్ దీనికి అప్పటికే ఉన్న ఒక పరిశోధనను ఆశ్రయించాడు. 1980లో హెన్రీ ఫుక్స్, జ్వీ కెడెమ్, బ్రూస్ నేలర్ ప్రచురించిన పద్ధతి అది. పటం మీద ఒక గోడ వెంట గీత సాగదీసి మొత్తాన్ని రెండు ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కను మళ్లీ మరో గోడ వెంట రెండుగా చీల్చాలి. చీల్చడానికి ఇంకేమీ మిగలనంతవరకూ ఇలా సాగాలి. ఈ చీలికల క్రమాన్ని కొమ్మలుగా విడిపోయే చెట్టు రూపంలో ముందే లెక్కగట్టి ఫైలులో దాచేస్తారు. ఆట నడిచేటప్పుడు ఇంజన్ ప్రతి కొమ్మ దగ్గరా అడిగేది ఒక్కటే: ఆటగాడు ఈ గీతకు ఏ పక్కన ఉన్నాడు? అతనున్న పక్కది దగ్గర, రెండోది దూరం. కొమ్మ కొమ్మకూ ఈ ప్రశ్న అడుగుతూ పోతే గోడలన్నీ దగ్గర నుంచి దూరానికి తమంతట తాము వరుస కడతాయి. కష్టమైన లెక్క ఆట మొదలవకముందే అయిపోయింది. సెకనుకు 35 సార్లు ఆట లోకాన్ని ముందుకు జరిపే వేగం ఇంటి కంప్యూటర్‌లో సాధ్యమైంది ఇందువల్లే. 1996కు వచ్చేసరికి యంత్రాలు మరింత చురుకయ్యాయి. చెక్స్ డబ్బా చేరిన ఇళ్లలో చాలా కంప్యూటర్లు ఈ ఆటను నడపగలిగాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డూమ్‌లో మామూలు పిస్తోలుతో కాలిస్తే ఇంజన్ ఏం చేస్తుంది? ముందే రాసిపెట్టుకున్న 256 అంకెల పట్టిక నుంచి ఒక అంకె తీసుకుని దాన్నిబట్టి 5, 10, 15లలో ఒకదాన్ని ఎంచుతుంది. ఎదుటి ప్రాణి ఖాతాలోని అంకెలోంచి దాన్ని తీసేస్తుంది. ఖాతా సున్నాకు చేరితే ఆ ప్రాణికి సంబంధించిన ఒక ప్రత్యేక బొమ్మల వరుసను ఆడిస్తుంది. దాన్ని చావు అంటున్నది మనం. ఇంజన్‌కు అది వరుస నంబరు. డూమ్ వాడ్ ఫైలులో ఆ వరుసలో నెత్తురు చిమ్ముతుంది, ఆఖరి బొమ్మ శవం, అది నేల మీద అలాగే ఉండిపోతుంది. చెక్స్ వాడ్ ఫైలులో అదే వరుసలో వెలుగు మెరుస్తుంది, ప్రాణి కరిగినట్టవుతుంది, ఆఖరున అక్కడ ఏమీ ఉండదు. తీసివేత ఒకటే, సున్నా ఒకటే. ఒకచోట హత్య, ఇంకోచోట ఇంటికి సాగనంపడం.

మిగిలినవన్నీ ఇదే పద్ధతిలో మారాయి. మందుల పెట్టెల స్థానంలో మంచినీళ్ల గ్లాసు, పళ్ల గిన్నె, కూరగాయల గిన్నె వచ్చాయి. రంపం పోయి స్పూను, ఫోర్కు కలిసిన ఒక వస్తువు చేతికొచ్చింది. తెర అడుగున ఆటగాడి ముఖం కనిపించే చోట డూమ్‌లో దెబ్బలు పెరిగేకొద్దీ నెత్తురు కారేది. ఇక్కడ ముఖం మీదికి చీమిడి కొద్దికొద్దిగా పాకుతుంది. దొంగదారిలో గెలవడానికి టైపు చేసే రహస్య పదాలను కూడా తయారీదార్లు తమ పేర్లతో మార్చుకున్నారు. ఫ్లెమాయిడ్ల స్వభావంలోనూ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. డూమ్ సైనికులు దూరం నుంచి కాలుస్తారు. మామూలు ఫ్లెమాయిడ్లు దగ్గరికొస్తే తప్ప ఏమీ చేయలేవు. దూరం నుంచి విసరగలిగేది చివర్లో వచ్చే పెద్దది మాత్రమే. ఒక్క మార్పుతో ఆట వేగం, భయం రెండూ తగ్గాయి. పిల్లవాడికి వెనక్కి తగ్గి ఆలోచించుకునే వ్యవధి దొరికింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది రంగుల పట్టికలో చేసిన పని. డూమ్ తెర మీద ఒకేసారి 256 రంగులే కనిపించగలవు. ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక 768 బైట్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లకు తలా ఒక బైటు. వాడ్ ఫైలులో అలాంటి పట్టికలు 14 ఉంటాయి. మొదటిది మామూలు చూపు. తర్వాతి ఎనిమిది క్రమంగా ఎరుపెక్కుతాయి. ఆటగాడికి దెబ్బ తగలగానే ఇంజన్ బొమ్మలో ఒక్క చుక్కను కూడా తిరిగి గీయదు. పట్టికను మార్చేస్తుంది, తెరంతా నెత్తుటి రంగు కమ్ముకుంటుంది. ఆ తర్వాతి నాలుగు పట్టికలు వస్తువు దొరికినప్పుడు తెరను పసుపుపచ్చగా మెరిపించడానికి. చివరిది ఆకుపచ్చ, డూమ్‌లో విషపు గుంటల్లో నడవడానికి రక్షణ దుస్తులు వేసుకున్నప్పుడు కనిపించే రంగు. చెక్స్ క్వెస్ట్‌లో ఆటగాడికి దెబ్బ తగిలితే ఇంజన్ ఎర్ర పట్టికల జోలికి పోదు. ఈ ఆకుపచ్చ పట్టికను వేస్తుంది. ఫ్లెమాయిడ్ మీద పడి చీమిడి పూసినట్టే ఉంటుంది. డూమ్‌లో కాపాడే దుస్తుల రంగు ఇక్కడ దెబ్బ రంగయింది. దెబ్బకు తెర ఎరుపెక్కకుండా ఆట పూర్తవుతుంది.

ఇంతకీ హింస పోయినట్టేనా? తేలిగ్గా అవునని నేను అనలేను. గురిపెట్టడం, నొక్కడం, ఎదుటిది లేకుండా పోవడం, ఈ మూడూ వేలి కండరాలకు రెండు ఆటల్లోనూ ఒకే అభ్యాసం. కానీ బొమ్మ ఒట్టి పైపూత అనే వాదన కూడా నాకు సమ్మతం కాదు. పిల్లవాడు తనకు తాను చెప్పుకునే కథ ఆ బొమ్మ నుంచే పుడుతుంది. శత్రువును చంపానని చెప్పుకోవడానికీ, వాళ్లింటికి పంపేశానని చెప్పుకోవడానికీ మధ్య తేడాను చిన్నది అనుకోకూడదు. సరిగ్గా అదే 1996లో అమెరికా మెరైన్ దళం డూమ్ రెండో భాగాన్ని మార్చుకుని మెరైన్ డూమ్ అనే శిక్షణ ఆట తయారుచేసుకుంది. నలుగురు సైనికుల జట్టు ఒకరికొకరు కాపుకాస్తూ, తూటాలు పొదుపుచేస్తూ ముందుకు సాగడం నేర్పడానికి. ఒకే ఇంజన్ ఆ ఏడాది యుద్ధానికి సిద్ధపడే కుర్రవాడి ముందూ ఉంది, చెక్స్ తింటున్న పిల్లవాడి ముందూ ఉంది. ఇంజన్ రాసినవాడి బాధ్యత ఎంత, దానికి బొమ్మలు పోసినవాడి బాధ్యత ఎంత అని తూచవలసి వస్తే రెండోవాడి వైపే ఎక్కువ మొగ్గుతుందని నా అభిప్రాయం.

ఆ లెక్కన చెక్స్ క్వెస్ట్ తయారీదార్లను ఇంకో విషయంలో కూడా నిలదీయాలి. ఈ ఆట అమ్మకం కోసం చేసింది. హీరో ఒంటి మీదే సరుకు. టీవీ ప్రకటన అరనిమిషంలో అయిపోతుంది, పిల్లవాడు లేచి వెళ్లిపోవచ్చు. ఆట గంటల తరబడి పట్టి కూర్చోబెడుతుంది, పైగా గెలిచిన ఆనందాన్ని ఆ సరుకు పేరుతో ముడివేస్తుంది. 2006లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఆహార కంపెనీలు పిల్లల కోసం ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రచార ఆటల మీద పెద్ద నివేదిక వెలువరించింది. ప్రకటనకూ ఆటకూ మధ్య గీతను పిల్లలు పోల్చుకోలేరన్న ఆందోళన అప్పటికి బాగా ముదిరింది. ప్రచారంగా చెక్స్ క్వెస్ట్ ఎంత బాగా పనిచేసిందంటే, ప్రకటనల రంగంలో పేరున్న ఎఫీ బంగారు పురస్కారం దానికి దక్కింది. లక్షల డబ్బాలు ఇళ్లకు చేరాయి. సీరియల్ డబ్బాలో బహుమతిగా వచ్చిన మొదటి వీడియో గేమ్ ఇదేనని చెబుతారు. అయినా ఒక తేడా గుర్తించాలి. ఆటలో బలం నింపేవి నీళ్లు, పళ్లు, కూరగాయలు కూడా. అంతవరకూ తయారీదార్లు పిల్లల పక్షాన కొంత ఆలోచించారు.

కంపెనీల కథ తర్వాత వేగంగా మారిపోయింది. ఆట డబ్బాల్లోకి చేరేసరికే చెక్స్ వ్యాపారం చేతులు మారే ఒప్పందం కుదిరింది. 1997 మొదట్లో అది జనరల్ మిల్స్‌కు చేరింది. రెండో భాగాన్ని ఆ ఏడాది ఇంటర్నెట్‌లో దించుకునేందుకు ఉంచారు, డబ్బాల్లో పెట్టలేదు. మూడోది అప్పట్లో రానేలేదు. మామూలుగా ప్రచార వస్తువు బతుకు ఇక్కడితో ముగియాలి. అమెరికా ఆన్‌లైన్ ఇచ్చిన 50 గంటలకు విలువ పోయింది. ఆ ఆట నడిచిన పాత ఆపరేటింగ్ వ్యవస్థలూ మూలపడ్డాయి.

కాని 1997 డిసెంబర్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ డూమ్ ఇంజన్ మూలపాఠాన్ని అందరికీ విడుదల చేసింది. 1999లో దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కిందికి మార్చింది. దాంతో ప్రపంచంలో ఎవరైనా కొత్త కంప్యూటర్లకు సరిపోయే డూమ్ ఇంజన్ రాసుకోవచ్చు, చాలామంది రాశారు. వాటికి చెక్స్ వాడ్ ఫైలు అందిస్తే 12 బైట్ల ముఖపత్రం చదివి, విషయసూచిక వెతికి, ముద్దలను తెచ్చుకుని ఆడిస్తాయి. బొమ్మల ఫైలు తనను పుట్టించిన ఇంజన్ పోయాక కూడా బతికింది. 2008లో ఛార్లెస్ జేకబీ అభిమానుల సాయంతో మూడో భాగాన్ని పూర్తిచేసి ఉచితంగా ఇచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత, ఎవరూ జీతమివ్వకుండా. డబ్బా ఖాళీ చేసిన పిల్లలు అప్పటికి పెద్దవాళ్లయ్యారు, కొందరు ప్రోగ్రామర్లయ్యారు, ఇందులో పాలుపంచుకున్నదీ అలాంటివాళ్లే. 2020లో జనరల్ మిల్స్ స్వయంగా అన్‌రియల్ ఇంజన్ మీద కొత్త రూపం తయారుచేయించి ఉచితంగా విడుదల చేసింది. అందులో ప్రాణులు నిజమైన త్రిమాణ ఆకారాలు, బొమ్మలన్నీ తిరిగి చేయవలసి వచ్చింది.

పాత ఫైలును నడపడంలో మాత్రం ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. డూమ్‌ను తు.చ. తప్పకుండా పునఃసృష్టించాలని పట్టుబట్టిన చాకొలెట్ డూమ్ అనే ఇంజన్ ఉంది. దాని రచయితలు చెక్స్ ఆటను ఆడించి చూస్తే దెబ్బ తగిలినప్పుడు పట్టికల లెక్క ప్రకారం తెర ఎరుపెక్కాలి, ఎందుకంటే ఆకుపచ్చను ఎంచుకునే నిర్ణయం బొమ్మల ఫైలులో లేదు. డిజిటల్ కఫే మార్చిన ఇంజన్ లోపల ఉంది, ఆ మార్పుల మూలపాఠం ఇడ్ విడుదల చేసినదాంట్లో లేదు. కాబట్టి వాళ్లు అసలు ఆటను గమనించి, తమ ఇంజన్‌లో ప్రత్యేకంగా ఒక షరతు రాశారు: నడుస్తున్నది చెక్స్ క్వెస్ట్ అయితే ఎర్ర పట్టికకు బదులు రక్షణ దుస్తుల ఆకుపచ్చ పట్టిక వెయ్యి. పక్కనే ఎందుకో వివరించే వ్యాఖ్య కూడా రాసిపెట్టారు, తర్వాత చదివే ప్రోగ్రామర్ పొరపాటనుకుని తీసేయకుండా.